దక్షిణం కిటికీలో సోలార్ అలారం

1979 నవంబర్ 3, శనివారం. అరోరా, ఇల్లినాయ్, అమెరికా

మా వీధిలో రెండిళ్లలో దొంగలు పడ్డారు. మా ఇంట్లో పడరు! పోస్టులో తెప్పించిన సోలార్ అలారం ఈరోజే బిగించాను. కప్పు మీద ప్యానెల్, లోపల బ్యాటరీ, తలుపుకి వైరు.

తీర్మానం: చలికాలమంతా సూర్యుడితోనే నడపాలి. ఇంటి కరెంటు ముట్టుకోకూడదు. ఇంజనీరునై ఉండి ఆమాత్రం చేయలేనా?

సాయంత్రం మా ఇంట్లోనే తెలుగు ప్రార్థన కూటం. ఊరుకోలేక లేచి, దేవుడు చేసిన మేలంటూ అందరి ముందూ సాక్ష్యం చెప్పేశాను. దేవుడిచ్చిన వెలుగే మా ఇంటికి కాపలా అన్నాను. కూటం పెద్ద దైవాశీర్వాదం అన్నగారు స్తోత్రం చెప్పారు. నా భార్య విమల మాత్రం ఇల్లినాయ్ చలికాలాన్ని గుర్తుచేసింది. చాదస్తం.

నవంబర్ 19

వారమంతా మబ్బు. పైగా మంచు. నిచ్చెనెక్కి ప్యానెల్‌ని చీపురుతో ఊడ్చాను. దిగుతూ జారాను. నడుం పట్టేసింది. అలారం నీరసంగా కీచుమంటోంది, నాలాగే.

నవంబర్ 24, శనివారం

కూటంలో అందరూ అలారం గురించే అడిగారు. నడుస్తోందన్నాను. అబద్ధం కాదు, మధ్యాహ్నం కాసేపు నడిచింది. అలారంతోపాటు వచ్చిన కరెంటు ఛార్జర్‌ని గోడకి తగిలిస్తే గొడవ వదిలేది. కానీ సాక్ష్యం చెప్పినవాణ్ణి, ఎలా పెడతాను?

నవంబర్ 25

ఉపాయం! ప్యానెల్‌ని లోపలికి తెచ్చి దక్షిణం కిటికీలో పెట్టాను. అక్కడ విమల కరివేపాకు కుండీ ఉండేది. రెండ్రోజులే అని ఒప్పించి కొంచెం జరిపాను. కొంచెం అంటే, బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషిన్ పక్కకి.

మా కూటంలో ఇంకెవరింట్లోనూ కరివేపాకు లేదు. క్రిస్మస్ విందులో కోడికూరకని ఒక్క రెబ్బ కూడా కోయకుండా దాస్తోంది విమల.

డిసెంబర్ 6

కిటికీలో ఎండే లేదు. కరివేపాకు ఆకులు రాలుతున్నాయి. హీటర్ గాలి వల్లే అన్నాను. విమల నాతో మాట్లాడటం మానేసింది. తప్పు నాదేనని తెలుసు. రేపు ఒప్పుకుంటాను.

డిసెంబర్ 9

ఒప్పుకోలేదు. ఇంకో ఉపాయం తట్టింది. వంద వాట్ల టేబుల్ లాంప్‌ని ప్యానెల్ మీదికి వంచాను. గోడకి తగిలించింది లాంప్‌ని, అలారాన్ని కాదు. తీర్మానం చెక్కుచెదరలేదు.

మా అమ్మాయి రూతు వచ్చి చూసింది.

"డాడీ, లాంప్ కూడా సన్ అవుతుందా?"

హోంవర్క్ చేసుకోమన్నాను.

డిసెంబర్ 15

మొక్కకి ఒక్క రెబ్బ మిగిలింది. బట్టలు వేయడానికి కిందికి వెళ్లిన విమల, కుండీ దగ్గర నిలబడి ఏడుస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను. కుండీని కిటికీలోకి తెచ్చి, లాంప్‌ని దాని మీదికి వంచాను. ప్యానెల్ గరాజ్‌లో పడేశాను.

అలారం ఛార్జర్‌ని గోడకి తగిలించాను. ఎవరికీ చెప్పలేదు.

డిసెంబర్ 25

మా ఇంట్లోనే కూటం విందు. కోడికూరలో కరివేపాకు లేదు. మొక్కకి మాత్రం గోరంత చిగురొచ్చింది. అన్నగారు సాక్ష్యాలు అడిగారు. విమల లేచింది. ఛార్జర్ సరిగ్గా నా వెనక గోడకే ఉంది. దానికి అడ్డంగా జరిగాను.

"మా మొక్క చచ్చిపోయిందే అనుకున్నానండీ. దేవుడే బతికించాడు. బల్బు మాత్రం మావారిది," అంది, నా వెనక గోడ వైపే చూస్తూ.

అందరూ నవ్వారు. నేను కదల్లేదు. ఇన్ని రోజుల తర్వాత విమల కూడా నవ్వింది. ప్రాణం లేచొచ్చింది.

1980 జనవరి 1

కొత్త తీర్మానం! ఛార్జర్ పీకేశాను. ఇకనుంచి అలారం సూర్యుడితోనే. గరాజ్ నుంచి ప్యానెల్ తెచ్చి కిటికీలో కుండీ పక్కనే పెట్టాను. కుండీని అంగుళం కూడా కదపలేదు. లాంప్ వెలుగుతున్నది మొక్క కోసమే. ఆ వెలుగు కాస్త పక్కకి పడితే నేనేం చేయను?