డీటర్ చూపించిన ఫొటో

నాన్నా,

నీ సంవత్సరీకానికి డీటర్ నిజ్వా నుంచి మస్కట్ వచ్చాడు. అక్కడి బడిలో నువ్వు చరిత్ర చెప్పినన్నాళ్లూ సాయంత్రాలు నీతో చదరంగం ఆడాడే, నమీబియాలో పుట్టిన ఆ జర్మన్ ఇంజనీరే.

అమ్మ కాఫీ ఇచ్చింది. అతను ఫోనులో 1930ల నాటి ఒక పాత ఫొటో చూపించాడు. నమీబియా అంతకుముందు జర్మన్ల వలసరాజ్యంగా ఉన్నప్పుడు అక్కడ స్థిరపడ్డ డీటర్ తాతగారి దుకాణం. దాని మీద హిట్లర్ పార్టీ జెండా.

"మా ఊళ్లో జర్మన్లంతా అప్పుడు ఆ పార్టీయే. రోజులు బాగుండేవట," అన్నాడు.

"అక్కడి నల్లవాళ్లకో?" అని అడిగాను.

"వాళ్లకేం, మా దగ్గర సుఖంగానే ఉండేవాళ్లు."

వెళ్తూ, మీ నాన్న మిగతా ఇండియన్లలాంటివాడు కాదన్నాడు.

"ఎంత మంచి మాటన్నాడే," అని అమ్మ మురిసిపోయింది. నాకది మింగుడుపడలేదు. పదేళ్ల స్నేహంలో ఈ ఫొటో నీకూ చూపించాడా? చూపిస్తే నువ్వేమన్నావు?

అతను వెళ్లాక నీ పాఠాల నోటుబుక్కులు తీసి వెతికాను. నమీబియా మీద ఒక పేజీ ఉంది. జర్మన్లు అక్కడి నేలను లాక్కోవడం, ఎదురుతిరిగినవాళ్లను ఎడారిలోకి తరిమి చంపడం, అంతా రాశావు. పక్కన పెన్సిల్‌తో "డీటర్‌ని అడగాలి" అని ఉంది.

ఆ తర్వాతి పేజీలన్నీ రెండుసార్లు తిరగేశాను. అడిగావో లేదో ఎక్కడా రాయలేదు నువ్వు.