దవడలేని చేపకున్న నరం

తమ్ముడు సిండ్రెకు,

ట్రోండ్‌హైమ్‌లో నువ్వు ఇవ్వబోయే ఉపన్యాసానికి నేను రాను. అక్కడ నా ఫొటో చూపించడానికీ ఒప్పుకోను.

బెర్గెన్‌లో నీ గత ఉపన్యాసానికి నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టావు. రక్తం పీల్చే లాంప్రే చేపను తెరమీద చూపించి, “దీనికి దవడే లేదు. అయినా వెనుక మెదడు నుంచి మూతిని కదిలించే నరం ఉంది. కోట్ల ఏళ్లనాటి ఆ నరమే మన మొహాన్నీ కదిలిస్తుంది!” అన్నావు. నాకు గర్వంగానే అనిపించింది. ఆ తరువాత నా పుట్టినరోజు ఫొటో వేశావు. అందులో అందరూ నవ్వుతున్నారు, నేను తప్ప.

“ఈమె మా అక్క. అమ్మ కడుపులో ఉండగా ఈమెకు ఆ నరం ఎదగలేదు. చేపకున్నపాటి మొహం కూడా దక్కలేదు పాపం!”

హాలంతా నవ్వింది. నువ్వు నాకేసి కన్నుకొట్టావు. నాకు రెప్ప కూడా పడదని నీకు తెలుసు.

తరువాత కాఫీ తాగుతుంటే మీ ప్రొఫెసర్ భార్య రగ్నిల్డ్ గారు, “మీ అక్కకు కోపమొచ్చిందా?” అని అడిగారు. నన్ను కాదు, నిన్ను.

“అబ్బే, ఆవిడ మొహం ఎప్పుడూ అంతేనండీ.”

“సిగ్గులేదురా నీకు? ఇంటికి పద,” అన్నాను. పెదవులు కలవని నా మాట అక్కడ నీ ఒక్కడికే అర్థమవుతుంది. నువ్వు వాళ్లవైపు తిరిగి, “చాలా బాగా చెప్పావురా అంటోంది,” అన్నావు. వాళ్లంతా ముచ్చటపడి నాకు చప్పట్లు కొట్టారు.

కోపమొచ్చిందా అని రగ్నిల్డ్ గారు అడిగారు కనుక, ఇదే ఉత్తరం ఆవిడకూ పంపుతున్నాను.

అక్క