నా రక్తంలో సీసం తగ్గిన వైనం

సూర్యాపేట జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,

కోదాడ పట్టణం, హుజూర్‌నగర్ రోడ్డులో పాత బ్యాటరీల దుకాణం నడుపుకొను యాదగిరి, వయసు 54 సంవత్సరములు, ఇంటర్ తప్పినవాడు, వ్రాసుకొనునది.

విషయం: రాబోవు శుక్రవారం నాకు ఇవ్వదలచిన 'ఆదర్శ ఆహార కుటుంబం' ప్రశంసా పత్రాన్ని నిలిపివేయుట, మరియు నా మీద నాకు నమ్మకం లేనందున నా ఇంటి వెనుక గల సీసం బట్టీకి ప్రభుత్వ సీలు వేయించుట గురించి.

అయ్యా,

1. నేను చచ్చిన బ్యాటరీలు కొంటాను. ఆటోలవి, ట్రాక్టర్లవి, ఇన్వర్టర్లవి. గరిడేపల్లి నుంచి కూడా తెచ్చి ఇస్తారు. వాటిని పెరట్లో పగలగొట్టి, యాసిడ్‌ను మురుగు మోరీలోకి వదిలి, సీసం పలకలను ఇనుప మూకుడులో కరిగించి, దిమ్మెలు పోసి మిర్యాలగూడలోని మోతీలాల్ సేఠ్‌కు అమ్ముతాను. ఇందుకు నాకు ఎట్టి లైసెన్సూ లేదు. బోర్డు మీద మాత్రం 'యాదగిరి పవర్ సొల్యూషన్స్' అని ఉన్నది. ఈ పనిలో నాకు తోడు నా భార్య రుక్కమ్మ ఒక్కతే.

2. నిరుడు విశ్వవిద్యాలయం వారు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఇదే పని చేసుకు బతికే నలభై కుటుంబాలతో ఒక పరిశోధన మొదలుపెట్టారు. మంచి తిండి తింటే ఒంట్లో చేరే సీసం తగ్గునా, తగ్గినచో ఎంత, అన్నది వారి ప్రశ్న. మా ఇంటికి శ్రీవాణి అనే పరిశోధక విద్యార్థిని వచ్చేది. ముందుగా మా ఇద్దరి రక్తం తీశారు. సీసం నాకు ముప్పై ఎనిమిది, రుక్కమ్మకు ముప్పై ఒకటి వచ్చింది. అయిదు దాటితేనే ఆలోచించాలట. నాకు ఎక్కువ మార్కులు వచ్చినట్టు అనిపించి ఆ పూట కొంచెం గర్వపడ్డ మాట దాచను.

శ్రీవాణి మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "అంకుల్, ఇనుము, కాల్షియం ఉన్న తిండి తింటే ఒళ్లు సీసాన్ని తక్కువ పీల్చుకుంటది. ఖాళీ కడుపుతోని బట్టీ దగ్గరికి పోవద్దు. చేతులు సబ్బుతోని కడుక్కున్నంకనే తినాలె. కానీ తిండి ఒక్కటే సరిపోదు. బట్టీ ఆపకుంటే ఎంత తిన్నా అంతంతే."

మొదటి మూడు మాటలు విన్నాను. చివరి రెండూ ఆమె చెప్తుండగా గిరాకీ వచ్చింది, లేచిపోయాను.

3. నెలనెలా రాగిపిండి, నువ్వులు, బెల్లం, శనగలు ఇచ్చారు. ఏ పూట ఏం తిన్నదీ, బట్టీ దగ్గర ఎన్ని గంటలు ఉన్నదీ రాయమని చెరొక నోటుబుక్కు ఇచ్చారు. రుక్కమ్మకు చదువు రాదు గనుక రెండూ నేనే రాసేవాణ్ని. నా దస్తూరి బాగుంటుంది. ఇంటర్‌లో నన్ను తప్పించిన సారు కూడా ఆ ఒక్క విషయంలో మెచ్చుకున్నాడు.

రాగిపిండిని పక్కనే టిఫిన్ సెంటర్ నడిపే పెంటమ్మకు ఇచ్చి పూరీలు తెచ్చుకునేవాణ్ని. అవి తిని, నూనె పేజీకి అంటకుండా చేయి తుడుచుకుని, "ఉదయం రాగి జావ, మధ్యాహ్నం జొన్నరొట్టె, తోటకూర పప్పు, మజ్జిగ, జామపండు ఒకటి" అని రాసేవాణ్ని. మరీ ఇంత మంచివాణ్ని ఎవరు నమ్ముతారని అప్పుడప్పుడు "నేడు ఒక మిర్చి బజ్జీ తిన్నాను, తప్పయినది" అని కలిపేవాణ్ని. శ్రీవాణి అది చదివి నవ్వి టిక్కు పెట్టింది. రుక్కమ్మ మాత్రం పొద్దున ఏమీ తినకుండా బట్టీ దగ్గర కూర్చుని, మధ్యాహ్నం పచ్చడి మెతుకులు తినేది. ఆమె నోటుబుక్కులో మాత్రం నాకంటే బాగా తిన్నది.

4. రెండో నెలలో లారీ బ్యాటరీ ఎత్తబోతే నాకు నడుము పట్టింది. "నువ్వు ముంగట కూసో, ఎనక నేను సూస్కుంట" అన్నది రుక్కమ్మ. నడుము నొప్పి నాలుగు రోజులే ఉన్నది. నేను అయిదు నెలలు కూర్చున్నాను. రాయడం నాకు అలవాటైంది, కరగబెట్టడం ఆమెకు అలవాటైంది. నోటుబుక్కులో నా గంటల గడిలో సున్నా వేయాలంటే సిగ్గనిపించింది. అందుచేత ఆమె ఎనిమిది గంటలను నా గడిలోను, నా సున్నాను ఆమె గడిలోను వేశాను.

5. ఆరో నెలలో మళ్లీ రక్తం ఇవ్వడానికి రమ్మన్నారు. రుక్కమ్మ రానన్నది. "మోతీలాల్ బండి రేపొస్తది. దిమ్మెలు ఎవరు పోస్తరు? నువ్వు పోయిరా." పెన్‌పహాడ్‌లో చెల్లెలింటికి పోయిందని శ్రీవాణికి చెప్పాను. నా రక్తంలో సీసం పదిహేడుకు దిగింది. పొగకు అయిదు నెలలు దూరంగా ఉంటే ఎవరికైనా దిగుతుంది. కాగితాల ప్రకారం మాత్రం నేను రోజుకు ఎనిమిది గంటలు పొగలో ఉండి, తోటకూర తిని గెలిచాను. ఆ ఘనతంతా తోటకూరకు పోయింది, కొంత నాకు వచ్చింది. సూర్యాపేటలో సభ పెడతామని, తమ చేతుల మీదుగా పత్రం ఇప్పిస్తామని, పది నిమిషాలు మాట్లాడాలని చెప్పారు. నేను కొత్త చొక్కా కుట్టించుకున్నాను.

6. ఈ కబురు మిర్యాలగూడకు పోయింది. అక్కడ మావంటి పనే చేసుకునే బక్కమ్మ అనే ఆమె ఒక ఆదివారం మధ్యాహ్నం బస్సు దిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"అన్నా, నువ్వేం తింటున్నవో జర చెప్పు. మా కోడలు లతకు ఇప్పుడు అయిదో నెల. బ్యాటరీలు అదే పగలగొడ్తది. దవాఖానల పని మాన్పియ్యమంటున్నరు. నువ్వు పని చేసుకుంటనే తగ్గించుకున్నవట గద. దానికి గూడ గదే తినిపిస్త."

నేను గొంతు సవరించుకుని తోటకూరతో మొదలుపెట్టాను. అయ్యా, ఇది కూడా దాచను. మజ్జిగ దాకా చెప్పాను.

అప్పుడు రుక్కమ్మ ఆమెకు చెంబుతో మంచినీళ్లు తెచ్చింది. ఇవ్వబోతే చెంబు జారి కింద పడింది. నీళ్లన్నీ బక్కమ్మ కాళ్ల మీద పోయినయి. రుక్కమ్మ వంగి చెంబు తీయలేదు.

"వదినా, ఈయన అవేం తినలే. బట్టీ కాడికి గూడ రాలే. కరగబెట్టింది నేను. ఇగో, నా చెయ్యి సూడు."

మోచేతి దాకా లేపింది. మణికట్టు నుంచి చేయి వేలాడుతున్నది. ఎంత ప్రయత్నించినా వేళ్లు పైకి లేవలేదు.

"ఎన్నొద్దులాయె గిట్ల?" అని బక్కమ్మ అడిగింది.

"నెల దాటింది."

"మరి నాకు చెప్పలేదేంది?" అన్నాను నేను.

"నువ్వు రాసుకుంటుంటివి గద" అన్నది రుక్కమ్మ.

బక్కమ్మ రుక్కమ్మ చేతిని కాసేపు తన ఒళ్లో పెట్టుకుని కూర్చుని, తరువాతి బస్సుకే వెళ్లిపోయింది.

7. మరునాడు సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాను. రుక్కమ్మకు డెబ్బై ఒకటి వచ్చింది. ఈసారి ఎవరి మార్కులూ నాకు గుర్తు రాలేదు. వెంటనే హైదరాబాద్ పంపారు. సీసాన్ని ఒంట్లోంచి లాగే మందు ఎక్కిస్తూ పందొమ్మిది రోజులు ఉంచుకున్నారు. పొగ మళ్లీ సోకకుంటే చేతి బలం మెల్లమెల్లగా రావచ్చునని, ఎంతవరకు అన్నది ఇప్పుడే చెప్పలేమని డాక్టరమ్మ అన్నది.

శ్రీవాణి అక్కడికే వచ్చింది. జరిగిందంతా చెప్పాను. "అంకుల్, ఆ నోటుబుక్కులల్ల ఒక్కటన్నా నిజం ఉన్నదా?" అని అడిగింది.

"మిర్చి" అన్నాను.

ఆమె నవ్వలేదు. ఆమెది రెండేళ్ల కష్టం. నన్ను తిట్టను కూడా లేదు. "మీ లెక్క నేను తీసేస్త. కానీ బక్కమ్మలాంటోళ్లు ఎంతమంది విన్నరో నాకు తెల్వది. వాళ్లకు, కలెక్టర్ ఆఫీసుకు మాత్రం మీరే చెప్పాలె" అన్నది. రోజుకు రెండు పేజీల అబద్ధం అలవోకగా రాసిన ఈ చేతికి, ఈ నాలుగు పేజీల నిజం రాయడానికి నెలన్నర పట్టింది.

8. కావున తమరిని వేడుకొనునది ఏమనగా:

(అ) ప్రశంసా పత్రాన్ని నాకు ఇవ్వవద్దు. ఏమీ తినలేదని ఉన్నది ఉన్నట్టు రాసిన కుటుంబం మిగతా ముప్పై తొమ్మిదిలో ఏదైనా ఉంటే వారికి ఇప్పించగలరు.

(ఆ) పది నిమిషాలు మాత్రం నాకే ఉంచండి. ఈ అర్జీలోనిదే చెప్తాను. చొక్కా ఎలాగూ కుట్టించాను.

(ఇ) నా బట్టీకి సీలు వేయించండి. నిప్పు ఆర్పి రెండు నెలలు దాటింది. అయితే పోయిన గురువారం పదకొండు బ్యాటరీలు వస్తే, నాకు తెలియకుండానే పెరట్లోకి పోయి మూకుడు దులిపాను. నా సంగతి నాకు తెలుసు.

(ఈ) నాకు సీలు వేసినంత మాత్రాన బ్యాటరీలు చావడం మానవు. అవి ఇంకొకరి పెరట్లోకి పోతాయి, అక్కడ ఇంకొక రుక్కమ్మ కూర్చుంటుంది. పొగ బయటకు రాకుండా మూసిన కొలిమిలో కరిగించి, యాసిడ్‌ను మోరీ పాలు చేయకుండా శుద్ధి చేసి, డబ్బాల ప్లాస్టిక్‌ను కడిగి మళ్లీ వాడే లైసెన్సు ఫ్యాక్టరీలు ఉన్నాయని శ్రీవాణి చెప్పింది. మా మూడు ఊళ్లకు కలిపి ఒక సేకరణ కేంద్రం పెట్టించగలరు. మేము బ్యాటరీలను పగలగొట్టకుండా అక్కడ అప్పజెప్పి బతుకుతాము. మొదటి మనిషిగా నా పేరు రాసుకోగలరు. అబద్ధాలు రాసినవాడి పేరా అని నవ్వినా పరవాలేదు.

(ఉ) మా మోరీ పక్క మట్టిని పరీక్ష చేయించగలరు. పెంటమ్మ అక్కడే కొత్తిమీర వేస్తుంది.

(ఊ) అన్నిటికంటే ముందు, మిర్యాలగూడ తమ జిల్లాలోనిది కాకున్నా, అక్కడికి ఎవరినైనా పంపి లత రక్తం పరీక్ష చేయించగలరు. నేను పోయి కాళ్లావేళ్లా పడితే పనైతే మాన్పించారు, ఆ ఊళ్లోనే ఉన్న తల్లిగారింటికి పంపారు. కానీ సూదంటే భయపడి ఆ పిల్ల దవాఖానకు రావడం లేదు. నేను చెప్తే నమ్మడం లేదు. అందులో ఆమె తప్పేమీ లేదు.

పై సంగతులన్నీ నిజమని మనవి. నా మాటకు ఇప్పుడు విలువ లేదని తెలిసీ, ఈ ఒక్కసారికి నమ్మి చిత్తగించవలెను.

ఇకనుంచైనా తమ విధేయుడు,
యాదగిరి
కోదాడ

తా.క.: ఈ అర్జీని రుక్కమ్మకు చదివి వినిపించాను. అంతా విని, "నా ముచ్చట ఒక్కటి గూడ రాయకపోతివి" అన్నది. నాలుగు పేజీలూ నీ ముచ్చటే గదా అన్నాను. "అది నీ ముచ్చట" అన్నది. మరేం రాయమంటావని అడిగాను. రెండు నెలలుగా ఆమె జడ నేనే వేస్తున్నాను, పాపిట ఒక్కనాడూ తిన్నగా రాలేదు. "పొద్దున నా తల నేనే దూసుకున్న. దువ్వెన రెండుసార్లు జారింది, మూడోసారి నిల్సింది. గది రాయి" అన్నది. ఏ నంబరు కింద రాయాలో తెలియక ఇక్కడ రాశాను.