హారతికి లేచిన గీత

తమ్ముడూ,

నువ్వు సోలార్ పలకలు కడుగుతూ ఎండదెబ్బకు పోయిన రాయచెర్లు సోలార్ పార్కులోనే, ఆఫీసువాళ్లు పిలిస్తే, ఈరోజు ఆయుధపూజ చేశాను. పలక ఎంత వేడెక్కిందో అప్పటికప్పుడు గీత గీసి చూపే తెర ఒకటి ఆఫీసులో కొత్తగా పెట్టారు. ఇంజనీరు సెన్సార్ దగ్గరికి హారతి తెమ్మన్నాడు. తేగానే తెర మీద గీత ఎగిరింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"చూడక్కా, పలక కాగితే చాలు, మాకు ఎంటనే తెలుస్తాది. మనిషిని పంపిస్తాము."

"మనిషి ఒళ్లు కాగితే, నాయనా?"

"మనుషులకు యాడ పెడతారక్కా ఇయ్యి!" అని నవ్వాడు.

నీకు ఎండదెబ్బ తగిలిన ఆ మధ్యాహ్నమంతా నువ్వు పలకల వరుసల మధ్య పడి ఉన్నావు. ఎవరూ రాలేదు.

హారతి కళ్లకద్దుకోవడానికి వాళ్లు చేతులు చాపారు. వాళ్ల ముందే నోటితో ఊది ఆర్పేశాను. దేవుడికి నేను చెప్పుకుంటాను.

అక్క