వర్మగారి బండికి మార్చిన సూదులు

డిసెంబర్ 9, మంగళవారం

వర్మగారి ఎర్ర కారు షెడ్డులో ఉంది. రాజోలు నుంచి కొత్తపేట దాకా స్వయంగా నడుపుకొచ్చారు. రెండు సీట్లు, రెండు కార్బరేటర్లు, ఇంగ్లీషు బండి — నాకంటే నాలుగేళ్లు పెద్దది. రోగం ఒక్కటే. పొద్దున్న పూట యాక్సిలేటర్ తొక్కితే నల్లపొగ, వెంటనే దగ్గు.

"ఇరవై ఆరున అరకు వెళ్తున్నామండీ, పాత బళ్లున్నవాళ్లం అందరం. ఇలా పొగేసుకుంటూ వెళ్తే పరువు పోద్దండీ."

పరువు సంగతి సరే. దీని ఇంజనుకి పిస్టన్లు ఇంకెక్కడా దొరకవు, ఉన్నవే ఆఖరివి. ఇంజను పోతే బండిని కొబ్బరి తోటలో నిలబెట్టుకోవడమే. అందుకే నా దగ్గరికి తెచ్చారు. కొంచెం గర్వంగానే ఉంది. ఇక్కడ రాసుకుంటే ఎవరు చూడొచ్చారు.

డిసెంబర్ 10

జలుబు. ముక్కు పనిచెయ్యడం లేదు, చేతులు చేస్తున్నాయి.

రెండు కార్బరేటర్లూ విప్పి కడిగాను. కార్బరేటరు లోపలి చిన్న పిస్టన్ ఒక్కసారిగా ఎగిరిపోకుండా దాని పైన గొట్టంలో కాస్త నూనె పోస్తాం కదా — మట్టం సరిగ్గానే ఉంది. పారబోయబోతుంటే వర్మగారి ఫోను. నూనె మారుస్తున్నానని చెప్పాను. "అది కొత్తదేనండీ. నేనే పోసేను. మంచి నూనె, పారబోయకండి." సరే. టీ గ్లాసులోకి వంచి మళ్లీ అదే పోశాను. అడుగున కొంచెం మిగిలింది.

డిసెంబర్ 12

ఆరింటికల్లా జొన్నాడ వంతెన. ఈ పక్కంతా బల్లపరుపు. ఇంజను మీద బరువు పడాలంటే వంతెన ఎక్కే ఎత్తు ఒక్కటే గతి. లారీల రద్దీ మొదలవకముందే నాలుగుసార్లు ఎక్కించాను. నాలుగుసార్లూ పొగ. ప్లగ్గులు మసి.

పెట్రోలు ఎక్కువవుతోంది. పెట్రోలు వచ్చే రంధ్రంలో, అదే జెట్టులో, ఆడే సూది సన్నంగా ఉంటే చుట్టూ సందు ఎక్కువ, పెట్రోలు ఎక్కువ. అంటే ఈ సూదులు సన్నం. ఇందులో ఆలోచించేదేముంది.

మధ్యాహ్నం భోజనానికి వస్తుంటే పొగ రాలేదు. ఇంజను బాగా కాగింది కదా, అందుకే.

డిసెంబర్ 13

అమలాపురం. సూర్యం మేస్త్రిగారి ఇల్లు. ముప్పై ఏళ్ల కిందట ఈ బండికి ఈ సూదులు పెట్టింది ఆయనే, నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. ఇప్పుడు చూపు ఆనదు. ఫోనులో రికార్డు చేసిన ఇంజను చప్పుడు చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విన్నారు.

"ఎప్పుడు తీసేవురా ఇది?"

"పొద్దున్నండీ."

"మధ్యాహ్నంది వినిపించు."

తీయలేదన్నాను, మధ్యాహ్నం పొగ రాలేదని మాత్రం చెప్పాను. "అయితే సూదుల జోలికెళ్లకు. పొద్దుటికీ మధ్యాహ్నానికీ సూది లావు మారదు కదరా."

టీ తాగి వచ్చేశాను. బస్సులో ఒకటే చిరాకు. తను పెట్టినవి తప్పని పెద్దాయన ఒప్పుకుంటారా… నేనైనా ఒప్పుకోను.

డిసెంబర్ 15

మస్కట్ నుంచి తెచ్చుకున్న సూదుల డబ్బా దించాను. పన్నెండేళ్లు అక్కడి గ్యారేజీలో పోగుచేసినవి. కంటికి అన్నీ ఒకటే ఇత్తడి పుల్లలు. మైక్రోమీటరు పట్టుకుని ఒక్కోదాన్నీ మొదలు నుంచి కొస దాకా పదమూడు చోట్ల కొలిచాను. మూడు జతలు పనికొస్తాయి. ఈ పని చేస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడించకూడదు నన్ను. మా ఆవిడ రెండుసార్లు అన్నానికి పిలిచి ఊరుకుంది.

డిసెంబర్ 17

మొదటి జత — తేడా లేదు. రెండో జత — కొంచెం నయం.

డిసెంబర్ 19

మూడో జత. కొస దగ్గర బాగా లావు. పొద్దున్న ఆరుంబావు, మంచు, వంతెన… పొగ లేదు. మళ్లీ ఎక్కించాను. లేదు.

అయిపోయింది.

డిసెంబర్ 20

వర్మగారు వచ్చి బండి తీసుకెళ్లారు. పాత సూదులు అగ్గిపెట్టెలో వేసి నా దగ్గరే ఉంచమన్నారు. నేను ఊరుకోవచ్చు కదా. "సూర్యంగారు పెట్టినవి తప్పండీ. అప్పట్లో చెవితో పెట్టేసేవారు. మనం కొలిచి పెట్టేం" అన్నాను.

"ఆయ్… మీరు చెప్పేక ఇంకేముందండీ."

డిసెంబర్ 26

వర్మగారు అరకు బయల్దేరారట. ఆయన భార్య, మేడమ్‌గారు కూడా వెళ్లారు.

డిసెంబర్ 27

చలి బాగా ముదిరింది. పొద్దున్న మా ఆవిడ షెడ్డులోకి టీ తెచ్చి, బల్ల మీది గ్లాసు ఎత్తి చూసింది. "తలకి రాసుకునేదాన్ని ఇక్కడ పెట్టేరేంటండీ?"

అడుగున తెల్లగా పేరుకుని ఉంది. వేలితో తీసి వాసన చూశాను. కొబ్బరినూనె.

వర్మగారి మంచి నూనె. సొంత తోటది, సొంత గానుగది. అంతకంటే మంచి నూనె ఆయనకి తెలియదు మరి. పొద్దుటి చలికి అది చిక్కబడుతుంది, కార్బరేటరులోని చిన్న పిస్టన్ లేవడానికి బద్ధకిస్తుంది, గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ లాగుతుంది — పొగ. ఎండెక్కితే కరుగుతుంది, పొగ ఉండదు. సూర్యంగారు అడిగింది అదే. సూదులు ముప్పై ఏళ్లుగా సరిగ్గానే ఉన్నాయి. నేను లావువి పెట్టాను. నూనె కరిగి ఉన్నప్పుడు హైవే మీద యాక్సిలేటర్ పూర్తిగా తొక్కితే చాలినంత పెట్రోలు అందదు. వేడెక్కిపోయి ఇంజను పిస్టన్ కాలి చిల్లు పడుతుంది. ఆఖరి పిస్టన్లు.

జలుబు లేకపోతే ఆ రోజే తెలిసేది. ఊహూఁ, అది సాకు. పెద్దాయన చెప్పాక కూడా విననివాణ్ణి, ముక్కు చెప్తే వింటానా.

తొమ్మిదిసార్లు ఫోను చేశాను. కొండ మీద సిగ్నల్ లేదు.

డిసెంబర్ 28, ఆదివారం

సాయంత్రం ఆయనే చేశారు.

"తొమ్మిది మిస్డ్ కాల్సండీ, బెంగెట్టేసుకున్నారా? బండి బ్రహ్మాండంగా ఉందండీ. వచ్చేటప్పుడు అందరితో కలిసి అరవై దాటకుండా వచ్చేం. ఘాట్‌లో కూడా మెల్లిగానే. రేపు తిరుగు ప్రయాణం మేమిద్దరమే. హైవే ఎక్కేక మీ సూదుల సత్తా చూస్తానండీ."

పక్కన మేడమ్‌గారి నవ్వు. ఆయన ఎవరికో నా పేరు చెప్తున్నారు, సూర్యంగారిక్కూడా అందని సంగతి పట్టేశాడని. ఆ ఎవరో ఫోను తీసుకున్నారు — హైదరాబాదాయన. తన బండి కూడా పంపిస్తారట.

"సంతోషమండీ" అన్నాను. వర్మగారికి ఒకసారి, ఆయనకి ఒకసారి. పెట్టేశారు.

చెప్పలేదు. అరవై దాటకండి, సూదులు నేను తప్పు పెట్టేను — ఇంతే చెప్పాల్సింది. నోట్లోనే ఉంది. సిగ్గేసింది, ఆ హైదరాబాదాయన వింటున్నాడని. ఇంతకంటే కారణం ఏమీ లేదు.

ఏడింటికి బయల్దేరతారట. ఆరున్నరకి చేస్తాను. సిగ్నల్ దొరికితే.

ఇప్పుడు కూడా చెయ్యొచ్చు. ఇందాకే కదా మాట్లాడారు, సిగ్నల్ ఉన్న చోటే ఉండి ఉంటారు. ఫోను డైరీ పక్కనే ఉంది.