గీత లేని ఏడు

అక్టోబర్ 7, మంగళవారం
వాన పదకొండు మిల్లీమీటర్లు. ఎదురింటికి వెళ్ళి ఎర్నా వంటింటి కిటికీ తెరిచాను. పది నిమిషాలు గాలి ఆడనిచ్చి మూసి వచ్చాను. ఆమెను వృద్ధాశ్రమంలో చేర్చి నేటికి నలభై రెండు రోజులు. చలికాలం గడిచేదాకానే అన్నారు. రోజూ పొద్దున ఎనిమిదీ నలభైకి ఆమె ఫోన్ — "కిటికీ మూశారా, ఫ్రావ్ డాక్టర్?" ఫ్రావ్ అంటే జర్మన్‌లో శ్రీమతి; డాక్టరు మా ఆయన, నేను కాదు. ఆయన పోయినా ఆ పిలుపు పోలేదు.

బయటికి వచ్చి చూస్తే ఆ ఇంటి పెద్ద తలుపు మీద కాగితం. కూల్చివేతకు అనుమతి. ఇరవయ్యో తేదీ, సోమవారం. సంతకం డీటర్‌ది — ఎర్నా అన్న కొడుకు. ఇల్లు ఇప్పుడు అతని పేరున ఉంది.

అదే రోజు, సాయంత్రం
డీటర్‌ను వాకిట్లోనే నిలేశాను. ఊళ్ళోకల్లా పాత ఇల్లు, రక్షిత కట్టడం, ఎలా కూలుస్తావు అని. నవ్వాడు. "జాబితాలో లేదండీ. అసలు మీ పుస్తకంలోనే లేదు కదా, ఫ్రావ్ డాక్టర్!"

లేకపోవడమేమిటి. నేను రాశాను.

అక్టోబర్ 8, బుధవారం
పుస్తకం తీశాను. మేమీ ఊరు వచ్చిన మూడో సంవత్సరం, పాత పాస్టర్‌గారి చేతిరాత నోటుపుస్తకం చూసి నేను టైపు చేసిన ఊరి చరిత్ర. చర్చి, ఊరుమ్మడి రొట్టెల పొయ్యి, ముప్పై నాలుగు ఇళ్ళు. ఎవరు కట్టారు, దూలం మీద ఏం చెక్కారు, కప్పు రెల్లా పెంకా... ఎర్నా ఇల్లు ఉంది. రెల్లు కప్పు, నల్లని కర్రల చట్రం, తలుపు పైన దూలంలో కట్టించిన భార్యాభర్తల పేర్లు. అంతా ఉంది. నంబరు ఏడు అని ఉంది.

ఎర్నాది ఒకటి. ఏడులో ఉన్నది ట్రాక్టర్ షెడ్డు.

నోటుపుస్తకం మైథిలి చేతికిచ్చాను. మా అమ్మాయి సుధ కూతురు, పదిహేనేళ్ళు, సెలవులకు ఎష్‌బోర్న్ నుంచి వచ్చింది. నేను తెలుగులో అడుగుతాను, తను జర్మన్‌లో చెబుతుంది.

"ఇది ఏడని ఎవరన్నారు? ఐన్స్ — ఒకటి, అమ్మమ్మా. ఏడైతే నడుముకి అడ్డగీత ఉంటుంది."

తర్వాత మెల్లగా, తెలుగులో — "దీనికే కదా నన్ను తిట్టావ్."

తిట్టాను. రెండో తరగతిలో, బడిలో నేర్పినట్టు ఒకటికి ముందు పొడుగు తోక పెట్టింది. ఇది ఏడులా ఉంది, నా ఇంట్లో ఒకటి అంటే నిలువు గీత, ఏడుకి నడుం పట్టీ అక్కర్లేదు అని వందసార్లు రాయించాను. ఏడుస్తూనే రాసింది. లెక్కపెట్టి తీసుకున్నాను.

అక్టోబర్ 9
జిల్లా ఆఫీసుకు ఫోన్. వాళ్ళ జాబితాకు ఆధారం నా పుస్తకమే. ఎప్పుడో ఒకాయన తనిఖీకి వచ్చాడట. ఏడో నంబరుకు వెళ్ళాడట — షెడ్డు. 'ఇల్లు ఇప్పుడు లేదు' అని కొట్టేశాడట. తల తిప్పి చూడలేదా ఆ మనిషి! ఒక పూటంతా అతన్ని తిట్టుకున్నాను. సుఖంగానే ఉంది.

టెర్మిన్, అంటే వెళ్ళి కలిసే రోజు, ఇరవై ఎనిమిదిన ఇచ్చారు. కూల్చేది ఇరవైన.

ఈ ఊళ్ళో నంబర్లు కట్టిన వరసలో పడ్డాయి. మొదటి ఇల్లు కాబట్టే ఒకటి. ఆ వాక్యమూ నా పుస్తకంలోదే. నాలుగో పేజీ.

అక్టోబర్ 10
సుధ ఫోన్. "అమ్మా, ఎప్పటిదో అది. నిన్నెవరైనా అడిగారా? ఎందుకు మీద వేసుకుంటావ్? ఆ ఊళ్ళో నీకున్న పేరే ఆ పుస్తకం."

పాస్టర్‌గారి రాత సరిగా లేదని చెప్పవచ్చు. ఆయన లేరు. జిల్లా ఆఫీసుకు అలాగే ఉత్తరం రాశాను. మంచి వాక్యాలు.

అక్టోబర్ 11
చించేశాను.

అక్టోబర్ 14, మంగళవారం
టెర్మిన్ లేకుండానే వెళ్ళాం, నేనూ మైథిలీ. రెండు బస్సులు. బెంచీ మీద గంటన్నర. కౌంటర్‌లో అమ్మాయి నోటుపుస్తకం చూసీ చూడగానే — "ఒకటే కదా ఇది. ఏడు ఎవరు చేశారు?"

నేను — అన్నాను.

ఫారం ఇచ్చింది. ఇంటి నంబరు రాశాను. "ఇదేమిటి, ఉత్త గీతేనా? అంకె వెయ్యండి." మైథిలి కిటికీలోంచి బయటికి చూస్తోంది. గీతకు ముందు తోక పెట్టాను. ఈ దేశంలో మొదటిసారి.

ఆపమని సంతకం పెట్టాల్సిన అధికారి సెలవులో ఉన్నాడు. సోమవారం వస్తాడు, తొమ్మిదికి. అప్పటిదాకా అనుమతి అనుమతే.

అక్టోబర్ 16
వృద్ధాశ్రమానికి, ఎర్నా దగ్గరికి వెళ్ళాను. నాకు జర్మన్ నేర్పింది తన వంటింట్లోనే — గరిటె, గిన్నె, కిటికీ. ఇంటి రక్షణకు దరఖాస్తు పెట్టుకోమని ఎవరో చెబితే, ఫ్రావ్ డాక్టర్ పుస్తకంలో ఉంది, చాలు అన్నదట. ఆ మాట ఇవాళ తనే చెప్పింది, గొప్పగా.

నేను చెప్పాను. ఒకటిని ఏడు చేశానని.

నా చెయ్యి తట్టింది. "మీ పుస్తకంలో తప్పులుండవు. మా తాతే తప్పు నంబరు బిగించి ఉంటాడు." మందుల మత్తో, మర్యాదో... "వసంతంలో వంటింటికి సున్నం వేయించాలి."

కూలుస్తున్నారని చెప్పలేకపోయాను. సగమే ఒప్పుకున్నాను.

అక్టోబర్ 18
మైథిలి వెళ్ళింది. ఆ వందసార్ల సంగతి ప్లాట్‌ఫాం మీద ఎత్తుదామనుకున్నాను. ఈసారే రైలు టైముకు వచ్చింది.

అక్టోబర్ 20, సోమవారం
వాన నాలుగు మిల్లీమీటర్లు, ఇంకా పడుతోంది. ఏడింటికి యంత్రం వచ్చింది. పెద్ద తలుపుకు పది అడుగుల్లో నిలబెట్టారు. ఇద్దరు మనుషులు, ఫ్లాస్కులో కాఫీ. డీటర్ గొడుగు కింద, ఇటు చూడడు. ఆఫీసు ఫోన్‌లో టేపు మాట్లాడుతోంది — తొమ్మిదికి, తొమ్మిదికి.

ఎనిమిదీ నలభై. ఎర్నా. "అక్కడా వానేనా? కిటికీ మూశారా, ఫ్రావ్ డాక్టర్?"

"మూశాను."

నిజమే. ఆరింటికే వెళ్ళి మూసి, గడియ పెట్టి వచ్చాను. తాళంచెవి నా చేతిలోనే ఉంది. కాఫీ కప్పులు దులిపారు. ఒకడు యంత్రం పైకెక్కుతున్నాడు. ఎనిమిదీ నలభై మూడు —