తమ్ముడు తెచ్చిన సముద్రపు నీళ్ళు

కోవిల్‌పట్టి, 1930 ఆవణి నెల, శుక్రవారం

తమ్ముడు రంగడు జావా వైపు వెళ్ళే ఓడలో కొలిమికి బొగ్గు వేస్తాడు. అక్కడ సముద్రం అడుగునుంచి ఒక అగ్నిపర్వతం పైకి లేస్తోందట. ఓడ దాని పక్కగా వచ్చినప్పుడు నీళ్ళు పసుపుపచ్చగా మారి కుళ్ళిన గుడ్ల కంపు కొట్టాయని, చచ్చిన చేపలు తేలాయని చెప్పాడు. ఆ నీళ్ళు సీసాలో పట్టి, బిరడాకు లక్క వేసి నాకు తెచ్చాడు.

ఈరోజు విరుదునగర్‌లో నేను పాఠం చెప్పే బడి ప్రయోగశాలలో ఆ నీళ్ళలో నీలి లిట్మస్ కాగితం ముంచాను. ఎర్రబడింది. మామూలు సముద్రపు నీళ్ళలో అది నీలంగానే ఉండాలి. గంధకపు ఆవిరులు కరిగి నీళ్ళు ఆమ్లంగా మారాయన్నమాట. పిల్లలకు ఎన్నోసార్లు చూపించిన రంగే. అయినా ఇంకో కాగితం ముంచి చూశాను.

సాయంత్రం రైలు దిగి ఇంటికి రాగానే వాడితో అన్నాను.

"రంగా, ఈ తూరి పోవద్దురా. ఆ నీళ్ళు ఇనుమును గూడా తింటాయి."

వాడు నవ్వాడు. "ఓడ ఆడ నిలస్తాదా అన్నా? దాటి పోతాది."

"నీళ్ళే ఇట్లా మారితే అడుగున ఏముండాదో?"

వాడి నవ్వు ఆగిపోయింది. "నిలిచింది అన్నా," అన్నాడు మెల్లగా. "యంత్రం చెడి పగలంతా ఆడనే ఉంటిమి. కింద ఎవరో గుద్దిన మాదిరి ఓడ అదిరింది. అమ్మకు చెప్పొద్దు."

రేపు వాడు ఓడ ఎక్కడానికి తూత్తుకుడి రేవుకు బయలుదేరుతున్నాడు. అమ్మ వాడి పెట్టెలో మురుకులు సర్దుతోంది. బొగ్గు వేసేవాళ్ళు ఓడలో నీటిమట్టానికి కింద పనిచేస్తారని ఆమెకు తెలియదు.